ఊహూఁ

బెల్జోనీలో చేపల ఫ్యాక్టరీ
తెల్లారి నాలుగింటికి వదిలిపెడుతుంది.
అప్పటికి వెర్లీన్ వేళ్లు ఆమెవి కావు,
ఐసువి.
వాటిని చంకల్లో దాచుకుని
పాత ట్రక్కు దాకా నడుస్తుంది.

మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు
ఆర్జెల్ టబ్స్ వరండాలో పాఠం.
ముప్పై ఏళ్లు నదిలో బార్జీల మీద తాళ్లు లాగినవాడు.
"దీనికి ఆరే తాళ్లు," అంటాడు గిటారు తడుముతూ,
"ఇది నాకు సెలవు."

మొదటి రోజు ఆమె తనకొచ్చిందంతా వాయించింది.
ఐదు స్వరాలు పైకి, ఐదు స్వరాలు కిందికి,
వేగంగా, తడబడకుండా.
ముసలాయన చివరిదాకా విన్నాడు.
"మెట్లెక్కి దిగడం బాగానే వచ్చు.
ఇంట్లోకి ఎప్పుడు వెళ్తావమ్మా?"

నాలుగు స్వరాలు తన దగ్గరే ఉంచుకుని
ఒక్కటి ఇచ్చి పంపాడు.
నెలంతా అదే.
గోటితో ఒకసారి, బొటనవేలి కండతో ఒకసారి,
తాళానికి ముందు, తాళం దాటిపోయాక,
బస్సు తప్పిపోయినవాడు నింపాదిగా నడిచినట్టు.

ఆ తర్వాత ఒకరోజు అడిగాడు:
"మీ అమ్మ ఊహూఁ అని ఎలా అంటుంది?"
నవ్వింది వెర్లీన్.
అప్పులవాడు ఫోన్ చేస్తే ఒకలా,
తమ్ముడు బండి తాళాలడిగితే ఒకలా,
నొప్పిగా ఉందా అని డాక్టరడిగితే
అది మరోలా.
"ఆ మూడోది," అన్నాడు, "వాయించు."

రెండు గాంధారాలున్నాయి.
ఒకటి తల దించుకున్నది, ఒకటి తల ఎత్తుకున్నది.
అమ్మ ఊహూఁ ఆ రెంటి మధ్యెక్కడో ఉంది.
అక్కడ మెట్టు లేదు.
తీగని పక్కకి తోయాలి, బియ్యపు గింజంత.
తోస్తే ఎక్కువయ్యేది, ఆపితే తక్కువయ్యేది.
ఆగస్టంతా అంతే.

ఈలోగా పన్నెండు గడుల దారి.
"ఐదో గడిలో కార్డు మారుతుంది.
నువ్వు కదలక్కర్లేదు, నేలే కదులుతుంది.
అదే స్వరం, ఇంకో ఇంట్లో ఇంకో వరస."
చేరాల్సిన స్వరం మీదికి ఎగబడొద్దన్నాడు,
ఒక మెట్టు కింద నిలబడి తలుపు తట్టాలట.
ఇది సెయింట్ లూయిస్‌లో జాజ్ వాయించిన
బావమరిది దగ్గర కొట్టేసిన విద్య.
"రెండు గడులు అడుగు. రెండు గడులు ఊరుకో.
నువ్వు ఊరుకున్నా కాలు ఊరుకోకూడదు."

అక్టోబరులో ఒక రాత్రి బెల్టు ఆగింది.
సూపర్వైజర్ హాస్క్యూ కాగితాల అట్ట పట్టుకుని వచ్చాడు.
వరసగా ఆరో ఆదివారం.
"వస్తారుగా?"
ఆడవాళ్లంతా కత్తులకేసి చూస్తున్నారు.
వెర్లీన్ నోరు తెరిచింది, మాట రాలేదు.
ఊహూఁ వచ్చింది.

కింద మొదలై, పైకి జరిగి,
చేరకముందే నిలిచింది.
కోపం లేదు అందులో, బతిమాలడం లేదు.
పక్క బల్ల దగ్గర ఒడెస్సా తలెత్తి చూసింది.
హాస్క్యూ ఏం రాసుకున్నాడో వెర్లీన్ చూడలేదు.
ఆమె ఆలోచిస్తున్నది ఒక్కటే:
ఏ తీగ? ఏ మెట్టు? ఎంత తోపు?
షిఫ్టు అయ్యేదాకా ముక్కులోనే పాడుకుంది
నిండు గ్లాసు మోస్తున్నట్టు,
ఎవరితోనూ మాట్లాడకుండా.

నాలుగున్నరకి ట్రక్కులో, అద్దాలు ఆవిరి పట్టి,
మూడో తీగ, ఐదో మెట్టు,
మొద్దుబారిన ఉంగరపు వేలు.
దొరికింది.
రెండోసారి దొరకలేదు.
ఏడోసారి మళ్లీ దొరికింది,
కాని అది అమ్మది కాదు.

గురువారం వాయించింది.
టబ్స్ పెకాన్ కాయ పగలగొట్టి
సగం ఆమె మోకాలి మీద పెట్టి
తన గిటారు అందుకున్నాడు.
మెచ్చుకోలేదు.
రెండు గడులు వాయించాడు, అంతే.
అవి "మరి జీతం?" అన్నట్టున్నాయి,
"ఎన్నాళ్లు?" అన్నట్టూ ఉన్నాయి.
కోత పడిందో లేదో శుక్రవారం చీటీలో తెలుస్తుంది.

వెర్లీన్ దగ్గర జవాబు లేదు.
తీగల మీద అరచెయ్యి ఆనించి ఊరుకుంది.
వరండా చెక్కల మీద
ఆమె బూటు మాత్రం ఊరుకోలేదు.