సమమట్టం

క్రిస్మస్ సెలవుల్లో చూసిన పాత పట్నం గురించి
రెండు పేజీలు రాసుకు రమ్మన్నారంట బళ్లో.
కాలవలున్న పట్నమైతే ఇంకా మంచిదంట.
నోటుబుక్కు అట్ట మీద ఉండాది కదా,
నీళ్ల నడుమ మేడలు, మేడల కింద నల్ల పడవలు,
అట్టాంటిది.

నెల్లూరులో ఆరున్నర బస్సు.
మంచుకి అద్దాలు చెమర్చి
నాట్లేసిన మళ్లు కూడా కనపళ్లేదు.
కెజియా వేలితో ఒక పడవ గీసింది.
అల్లూరు దాటేసరికి
పడవ కారిపోయి కిటికీ చట్రంలో చేరింది.

ఇసకపల్లిలో రాహేలక్క నిలబడుంది,
రొయ్యల కంపెనీ తెల్లటోపీ ఇంకా తల మీదే.
రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చానని తను చెప్పలేదు,
నేను అడగలేదు.
నాన్న పోయినాక మూడేళ్లుగా
మా మాటలు ఫోన్లోనే, అదీ డాక్టరు చీటీల గురించే.
"వచ్చినారా" అంది, పిల్ల మొహం చూసి.

గట్టెక్కాం.
"పట్నం యాడుందమ్మా?"

కాలవైతే ఉంది, సగం నీళ్లు, సగం బురద.
అవతల సర్కారుతుమ్మ.
ఇవతల ఉప్పుమళ్లు, వానలకి గట్లు కరిగిపోయి
మళ్లీ ఎవరూ తొక్కని మళ్లు.
నడుమ పాత లాకు,
రెండు రాతిగోడలు, తుప్పుపట్టిన ఒక చక్రం,
దాని ఆకుల మధ్య ఎవరో ఆరేసిన పసుప్పచ్చ లుంగీ.

లస్కరు కొడుకు చెంగయ్య తాత
చేతికర్ర గాల్లో ఆడించి ఊరు కడతా ఉన్నాడు:
"ఇదంతా ఉప్పు కొటార్లు.
నువ్వు నిలబడిందే బంగళా వరండా, పక్కకి జరుగు, మెట్టుంటది.
అదో, ఆ మేక కాడ పూటకూళ్లిల్లు.
మద్రాసు పడవలు రాత్రికి ఈడే కట్టేసేది,
మా నాయన లాంతర్లు లెక్కబెడితే అరవై."

కెజియా మేక వైపు చూసింది.
అరవై అని రాసుకుంది.

"మీ ముత్తాత కూడా ఇట్నే పోయేవాడు,
గాలి పడిపోతే తాడు భుజానేసుకోని."

ఆ భుజం నాకు తెలుసు.
చింతగింజంత నునుపుగా, చచ్చుబడిన కాయ.
నొక్కితే నొప్పుండదనేవాడు తాత.
నేను ముందు నొక్కాలని నేను,
తను ముందని అక్క,
ఆ ఒక్క భుజం కోసం జుట్లు పట్టుకునేవాళ్లం.

ఇప్పుడు అక్క ఆ గోడ మీద కూర్చుంది.
నేను ఈ గోడ మీద.
నడుమ ఒక పడవ పట్టేంత.

"ఈ తలుపులు ఎట్టా తీసేవాళ్లు తాతా? గట్టిగా తోసా?"
"ఏనుగు తోసినా కదలవు తల్లీ.
పైనీళ్లూ కిందనీళ్లూ ఒక్క మట్టానికి రావాల.
సన్నంగా తూము వదిలిపెట్టి
బీడీ ముట్టించుకోని కూర్చోడమే మా నాయన పని.
సమానమైన గడియకి
నీయంత పిల్ల తోసినా తెరుచుకునేది."
"ఎంతసేపు పట్టేది?"
"పడవోళ్లు అన్నం వండుకోని తినేంత."

ఆ మాట విని కాదు,
ఎండెక్కిందనుకుంటా,
అక్క క్యారేజీ మూత తీసింది.
"చేపల పులుసు. మామిడొరుగు వేసినా," అంది
నీళ్ల మీదికి చూస్తా.
ఎవరితో అన్నదో.
చుట్టూ తిరిగి వెళ్లాలంటే
తుమ్మకంపల్లో పావుగంట నడక.
చెప్పులు చేత పట్టుకుని వెళ్లాను.

తిరుగుబస్సులో కెజియా నిద్రపోయాక
పుస్తకం తెరిచి చూశాను.
లాంతర్లు అరవై. ఇళ్లు లేవు. మెట్టు ఉంది.
నేను తోసి చూశాను, తలుపే లేదు.

కింద, కొట్టేసి మళ్లీ రాసిన ఒక లైను:
పెద్దమ్మ పులుసులో ఉప్పు చాలా ఎక్కువైంది,
అమ్మ మూడుసార్లు వేయించుకుంది.