నీలం ఎక్కువైంది

మిందెలో రేవులో, చేపల బజారులో
ఐసు అమ్ముతాను నేను.
నా సరుకు మీద నాకు భ్రమల్లేవు:
మధ్యాహ్నానికల్లా కాలువ పాలు.

ఎదువీన బల్ల దగ్గర మాత్రం
తక్కెడకి పైన, పొలుసులు చిందే చోట
మొన్నటినుంచి ఒక పటం వేలాడుతోంది.

కొన్నది.
డబ్బిచ్చి అంటే డబ్బు కాదు లెండి,
వారానికో సూరచేప తల, రెండు కానాగంతలు.
పండగ వారం ఎగ్గొట్టింది.
ఇంకా నాలుగు వారాల బాకీ.

ఓడ దిగినవాళ్ళకి వల్దెమీరు అమ్మేవి
మా దీవంతా వెతికినా దొరకనన్ని కొబ్బరిచెట్లు.
ఇది ఎవరూ కొననిది:
వాన రాని ఏడు, కుళాయి ముందు బిందెల వరుస,
వెనకాల సముద్రం.

"ఇల్లు కురుస్తుంటే బొమ్మెందుకే?" అన్నాడట మొగుడు.
"కురవాలంటే ముందు వాన రావాలిగా" అందట.

మొదటి రోజు ఎవరూ చూడలేదు.
రెండో రోజు కత్తులు సానబట్టే బియా ఆగి,
ఆ సొట్ట బిందె మా అమ్మదే, అంది.
కాదు మాది, అంది ఉప్పు మనిషి.
బేరాలు ఆగిపోయాయి.
మూటలు మోసే నికొలావు మెడ వంచి చూసి
"సముద్రం అంత నీలంగా ఉంటుందా?
నీలం ఎక్కువైంది" అని తేల్చేశాడు.

స్తంభం చాటున వల్దెమీరు ఉన్నాడు.
బాగుందండీ, బాగుందండీ అని
దాటిపోయేవాళ్ళనే చూశాడు పదిహేనేళ్ళు;
ఒక్క తగువుకి మొహం వాచి ఉన్నాడు.
మర్నాడు కుంచె పట్టుకొచ్చి
"ఎంత తగ్గించమంటావు?" అని అడిగాడు.

నికొలావు కంగారుపడ్డాడు.
బతుకులో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు,
బరువు మోయగలవా అని తప్ప.
చేతులు కడుక్కున్నాడు, ఎందుకో.
ముప్పై ఏళ్ళు పక్కనే నడిచిన సముద్రం దగ్గరికి
వట్టి భుజాలతో వెళ్ళి
చాలాసేపు నిలబడి వచ్చాడు.
"ఉంచు," అన్నాడు. "అలాగే ఉంచు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
బొమ్మలూ అవీ మనకెక్కడ తెలుస్తాయని
ఎన్ని గుమ్మాల ముందు తల దించుకుని పోయానో.
తెలియాలని ఎవరడిగారు? ఆగమన్నారంతే.

పొద్దున్నే వల్దెమీరుని పట్టుకున్నాను:
నాకో ఐసుగడ్డ గీసిపెట్టు,
కరగనిది.
వారానికి రెండు దిమ్మలిస్తాను.

నవ్వాడు.
"ఐసు గీయడానికేముంది,
లోపల ఏమీ ఉండదు కదా."

ఏమీ ఉండదా?
గోనె తీశాను.
ఇలా రా, వంగు,
వెలుతురుకి అడ్డం నిలబడకు.