ఎడంపక్క మర

సుంకి ఘాటీలో మూడో వంపు దిగాక
ముందు చప్పుడు రాలేదు, వాసనొచ్చింది.
ఆపి దిగి చూస్తే
ఎడమ వెనక, లోపలి టైరు.
ఎప్పుడూ లోపలిదే.
పైకి కనబడేది నిక్షేపంగా ఉంటుంది.

దామన్‌జోడి నుంచి అల్యూమినా, పదహారు టన్నులు.
కంపెనీ బళ్ల వాళ్లయితే ఫోన్ కొట్టి
నీడలో పడుకుంటారు, ఎవరో వస్తారు.
నాది ఒంటి బండి.
ఓనర్ని నేను, డ్రైవర్ని నేను.
క్లీనరు గుంటడు సాలూరులో సెల్‌ఫోన్ల షాపులో చేరిపోయాడు కనక
మొన్నటి నుంచి క్లీనర్నీ నేనే.
ఎవరి మీద అరవాలో తెలీక
కొండ మీద అరిచాను.
కొండ మా యాసలోనే తిరిగి తిట్టింది.

చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాను.
వంపు మొదట్లో మూడు రాళ్లు, ఒక పచ్చి కొమ్మ.
సీటు కింది గోనె విప్పాను.
జాకీ. జలుబు చేసిన పిల్లాడి ముక్కులా
దాన్నుంచి నూనె కారుతూనే ఉంటుంది.
దాని కిందికి మద్ది చెక్క,
అది లేకపోతే ఎండకి మెత్తబడ్డ తారులో
జాకీ దిగబడిపోద్ది, బండి మీదికొస్తుంది.
పానా.
పానాకి తొడిగే ఇనుప గొట్టం:
మా వీధి బోరింగు పీకేసిన రోజు
బతిమాలి తెచ్చుకున్నది.
ఇరవయ్యేళ్లు నీళ్లు తోడింది,
ఇప్పుడు నా చేతిని పొడుగు చేస్తోంది.

బండి ఎత్తకముందే నట్లు వదులు చెయ్యాలి.
గొర్లె పారినాయుడు దగ్గర నేను క్లీనరుగా ఉన్నప్పుడు
ఆయన నేర్పిన రెండో మాట ఇది.
మొదటిది:
"కుడిపక్క లోకం తిరిగినట్టే తిరుగుద్దిరా.
ఎడంపక్క ఎదురు.
వదులవుతున్నాదనుకుంటావు, బిగుస్తాది.
బోల్టు నెత్తిన అచ్చరం సూసి సెయ్యెట్టు."
చూడకుండా పెట్టాను ఒకసారి. బోల్టు విరిగింది.
ఆయన కొట్టలేదు.
విరిగిన ముక్కని నెల్లాళ్లు నా జేబులో మొయ్యమన్నాడు.
జేబు చిరిగింది గానీ పాఠం పోలేదు.
కొత్త బళ్లకి ఈ తిరకాసు లేదంటారు.
నాది పాతది.

ఏడు నట్లు లొంగాయి.
ఎనిమిదోది తుప్పుతో కాపురం పెట్టింది.
గొట్టమెక్కి నిల్చున్నా కదల్లేదు.
ఎగిరాను. చెప్పు తెగింది.

అల్లం గంపతో కొండ దిగుతూ
ఒకామె ఎప్పటి నుంచి చూస్తోందో,
గంప దించి, చీర ఎగదోపి
గొట్టం మీద నా పాదం పక్కన పాదం పెట్టింది.
ఇద్దరం ఒక్కసారే బరువేశాం.
కిర్రుమంది.
ఆమె నవ్వలేదు, నేనే నవ్వాను.
పేరడిగితే దోమై అంది. దోమై ఖొరా.
నాకొచ్చిన ఒడియా పది మాటలు,
అందులో ఆరు చెక్‌పోస్టు వాళ్లతో వాడేవి.
మిగిలిన నాలుగూ అయిపోయాక ఊరుకున్నాం.

పై టైరు, లోపలి టైరు, స్టెపినీ, మళ్లీ పై టైరు.
గ్రీజు. నట్లు, ఎదురుబొదురుగా.
రెండు గంటల్లో నా నడుం నా మాట వినడం మానేసింది.
యాభై నోటు చాపితే తీసుకోలేదు.
సరేనని కేబినెక్కి ఇంజను వేశాను.
ఆమె కదల్లేదు.
వంపు దగ్గర నేను వదిలేసిన మూడు రాళ్లనీ చూపించింది,
తర్వాత చీర కాస్త పైకి తీసి
మోకాలి నుంచి మడమ దాకా
కుట్లు పడ్డ గీతని చూపించింది.
ఎప్పుడో, ఏ రాత్రో, ఎవరి బైకు వెనకో
నేనడగలేదు. అడిగే మాట నా పదింటిలో లేదు.

ఇంజను ఆపి దిగాను.
రాళ్లని ఒక్కోటీ లోయలోకి దొర్లించాను.
కొమ్మ కూడా తీశాను.
అప్పుడు గంపెత్తుకుంది.

పది కిలోమీటర్లు పోయాక ఆగి
నట్లు మళ్లీ బిగించాలి, అది మూడో మాట.
ఆగాను. ఒక్కోటి పావు చుట్టు దిగింది,
ఎదురుపక్కకే.
అక్కడ కూడా రోడ్డు మీద ఒక రాయి.
ఒక పక్కన నల్లగా గ్రీజు మరక.
ఎవరిదో.
నాదే కావచ్చు.