తీగలు బిగించేవాడు

ఉదయం ఏడింటికే సముద్రం మీది పొగమంచు
గుడారంలోకి దూరి నా యంత్రం మీద కూర్చుంటుంది.
తుడుస్తాను. మళ్ళీ కూర్చుంటుంది.
ఇంగ్లండ్ దక్షిణపు ఒడ్డున జూన్ అంటే అంతే.

ఇల్డికో వర్షాన్యివి ఎనిమిది రాకెట్లు.
ఒక్కోదానికీ తొడుగు, తొడుగు మీద అంకె.
తెచ్చేది ఆమె కాదు, ఆమె మనిషి.
ఇరవై నాలుగున్నర కిలోలు, తొమ్మిదేళ్ళుగా అదే బిగువు.
ఇక్కడి కప్పు మూడుసార్లు ఎత్తిన ఆ చెయ్యి
నాకు పిడి మీది చెమట మరకగానే తెలుసు.

ఆ పిల్లవి రెండే.
జార్జియాలో కుతైసీ అట ఊరు, కేతెవాన్ అట పేరు.
క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు నెగ్గి
డ్రా కాగితం మీద చిట్టచివరి గీతలో ఇరుక్కుంది.
తెగిన తీగను తనే పట్టుకొచ్చి చూపించింది,
ఊడిన పాలపన్ను చూపించే పిల్లలా.
"ఎంత బిగించను?"
కాసేపు నీళ్ళు నమిలి,
"ఇక్కడ అందరూ ఎంత పెట్టుకుంటారు?" అంది.

ముప్ఫై ఏళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"గడ్డి మీద బంతి లేవదమ్మా, జారుతుంది.
మోకాళ్ళు వంచినవాళ్ళకే దొరుకుతుంది."
తల ఊపింది. మట్టి కోర్టుల పిల్ల,
బూట్ల కుట్లలో ఇంకా ఎర్రటి ధూళి.
ఇరవై మూడుకి బిగించాను.
చిల్లర నాణేలతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.

నేను ఆట చూడను. వింటాను.
స్కోరు బోర్డు కూడా నాకు వెనకవైపే కనిపిస్తుంది.
ఇల్డికో కొడితే తలుపు గడియ పడ్డట్టుంటుంది.
పిల్ల కొడితే ఎవరో ఆ తలుపు తట్టి
సందేహంగా నిలబడ్డట్టు.
మొదటి సెట్ ఇరవై రెండు నిమిషాలు.
టీ కప్పులు కింద పెట్టి కొట్టిన మర్యాద చప్పట్లు.

పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత పగేమీ లేదు వాళ్ళిద్దరికీ.
మధ్యన ఉన్నదే పచ్చగడ్డి,
అదీ బేస్‌లైన్ దగ్గర అరిగి
పాత చాప రంగు తిరిగింది.

రెండో సెట్‌లో ఎక్కడో చప్పుడు మారింది.
నా ఇరవై మూడు కిలోలు నేలకు దగ్గరగా,
లోతుగా పలికాయి.
వంగింది, అనుకున్నాను.
జనం ఒక్కసారిగా "ఓ" అంటే
గుడారం కొస మీది సముద్రపు కాకి లేచిపోయింది.

సెట్టూ సెట్టూ సమానం. అప్పుడు వాన.
కోర్టు మీద టార్పాలిన్ లాగుతున్న కేకల్లోంచి
ఇల్డికో వర్షాన్యి వచ్చింది. తనే. తడిసిన జుట్టుతో.
దగ్గర్నుంచి చూస్తే కళ్ళ కింద ముడతలు.
"ఆ పిల్లకి ఎంత బిగించావు?"
"చెప్పకూడదు."
నవ్వింది. "అయితే అర కిలో వదులు చెయ్యి."

వాన వెలిశాక చాలాసేపు విన్నాను.
ఏ దెబ్బ ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

సాయంత్రం గుడారం సర్దుతుంటే
కేతెవాన్ రెండో రాకెట్ పట్టుకొచ్చింది.
"రేపటికా?"
"కాదు, వచ్చే వారానికి. ఇంకో ఊరు."
ముక్కు తుడుచుకుంది. ఏడ్చిందో, జలుబో.
"అదే బిగువా?"
"ఆమె చివర్లో పెట్టుకున్నంత పెట్టు.
వదులు చేసింది కదా? వినిపించింది."

కత్తెర అందుకుని
పాత తీగలు మధ్యలోంచి కోయడం మొదలుపెట్టాను.