తాన్యా అంటే నానే

గ్యాస్ గోడౌన్లో నిండు సిలిండరు
భుజానికెత్తుతుంటే ఓ గుంటడు అడిగినాడు,
"మామ్మా, ఆ బోల్టు నువ్వే ఇప్పేసినావంట, నిజమేనా?"
ఏ బోల్టురా, అన్నాను.
ఇంటికెల్లి టీవీ ఎట్టినాక తెలిసింది.

రాత్రి తొమ్మిదికి సీరియలు.
హిందీలో తీసి ఒడియాలో మాటాడించినారు,
పర్లాకిమిడి మొత్తం తెలుగులో ఏడుస్తా సూస్తాది.
అందులో మా లండ అసిరితల్లి పేరు ఆశ.
నా పేరు తాన్యా.
పుట్టినోల్లు పుట్టినట్టే పోతన్నారని
నన్ను సేటెడు తవుడుకి కొనుక్కుని
తవిటమ్మని పిలిసింది మాయమ్మ.
తాన్యాని ఎవలు కొన్నారో, ఎంతకి కొన్నారో.

ఆశ పొడుగ్గా, పాలమీగడలా ఉంది.
నల్లగా కనబడ్డానికి మొకానికి మసేదో రాసి
సెవుల ఎనకాల మర్సిపోయినారు.
అసిరి నా భుజం దాటేది కాదు.
"పొట్టోలకి నేల దగ్గిర,
అందుకే బరువులు మీ మాట ఇంటాయి"
అనీవోరు బెహరా మాస్టారు.

సీరియల్లో కొండ మీద గుడిసె, రుబ్బురోలు ఎత్తతాది ఆశ.
మేం రోలెత్తలేదు.
రైసుమిల్లు ఎనకాల
డాల్డా డబ్బాల్లో సిమెంటు పోసి నీల్ల పైపుకి గుచ్చినాం.
ఎడం పక్క డబ్బా కాస్త ఎక్కువ తూగేది,
ఇప్పటికీ నా ఎడం భుజం కిందకే.
ఆ డబ్బా ఏ ఎపిసోడ్లోనూ రాలేదు.

మాస్టారుని నాలుగో వారంలో సంపేసినారు.
ఫొటో, దండ, అగరొత్తుల పొగ.
నిన్న సంతలో బెండకాయలు బేరమాడతా కనబడి
"నాను పోయిన ఎపిసోడు బాగా తీసినారే" అన్నారు.

ఇక కటకం పోటీలు.
తాన్యా సీకట్లో వొచ్చి బారు బోల్టు ఇప్పుతాది,
మీసం లేదు గానీ మెలేసినట్టే నవ్వుతాది.
ఆశ జుత్తు ఇరబోసుకుని బరువెత్తుతుంటే
ఆ జుత్తు ఎగురుతాది,
తలుపులేసిన హాల్లో అంత గాలెక్కడిదో.

జరిగింది సెప్తాను.
తూకంలో అసిరి రెండొందల గ్రాములు ఎక్కువొచ్చింది.
గంట టైమిచ్చినారు.
దుప్పటి కప్పుకుని మెట్లెక్కింది, దిగింది,
నోరెండిపోయేదాకా ఉమ్మింది.
సూది దిగలేదు.
"ఒలే తవిటీ, కోసీయే" అని జడ ఎనక్కేసి కూకుంది.
దర్జీ దగ్గిర కత్తెర తెచ్చి నానే కోసినాను.
మొలదాకా జడ,
తడిసిన మోకులా బరువుంది సేతిలో.
సూది దిగింది.
దానికి బంగారం. రెండోది నాకు.
ఎలకలు కొరికినట్టున్న ఆ తలతోనే
అది నవ్విన ఫొటో మా గోడకుంది, సూసుకోండి.

మొన్న ఖుర్దా నుంచి గునుపూరు బండిలో అసిరొచ్చింది.
రైల్వేలో గుమస్తా, మోకాళ్లకి పట్టీలు.
ఎందుకే సంతకం ఎట్టినావు, అంటే
"పిల్ల కాలేజీ ఫీజు" అంది.
"జడ మాట సెప్పినానే ఆల్లకి.
ఆ హీరోయిను జుత్తు కోయించుకోదంట,
సేంపూ కంపెనీ ఒప్పుకోదంట."
ఇద్దరం నవ్వినాం, కల్లంట నీల్లొచ్చేదాకా.

తొమ్మిదయింది. ఆ సీనే మల్లీ ఏసినారు.
బోల్టు మీద సెయ్యేసి
తాన్యా ఒక్కపాలి ఆగింది,
ఆశ పడుకున్న గది వైపు సూసింది.
అసిరి కంచంలో సెయ్యాపి
"ఆ పిల్ల బాగా సేసిందే" అంది.

నాను మాటాడలేదు.
కటకంలో కత్తెర ఏళ్లకి తగిలించుకుని
దాని మెడ ఎనక నిలబడి ఒక్క ఊపిరి ఆగినాను.
సూది దిగకపోతే బంగారం నాది.
ఒక్క ఊపిరే, తరవాత కోసినాను.
మాస్టారుకి సెప్పలేదు,
కట్టుకున్నోడికి సెప్పలేదు.
బోల్టు అబద్దం, జుత్తు అబద్దమే,
మరి ఆ సూపు
ఆ బొంబాయి గుంటకి ఎవలు సెప్పినారు?

"సారు ఎయ్యనా?" అన్నాను అసిరితో.
మెడ ఎనక సెయ్యెట్టి తడుముకుంటా,
టీవీనే సూస్తా,
"ఎయ్యి" అంది.