యాభై ఏళ్ళ భుజం

ఎరిమో ఒడ్డున ఈ నొప్పికి
"యాభై ఏళ్ళ భుజం" అని పేరు.
తోమియేకి అరవై మూడు.
"ఆలస్యంగా వచ్చిందిలెండి," అంది, నవ్వకుండా.

సముద్రపు నాచు కొక్కెంతో లాగి లాగి
కుడిచెయ్యి చెవిదాకా కూడా లేవదు.
కువబారా గోడ చూపించాడు:
వేళ్ళని నడిపించండి, పీతలాగా, పైకి.
ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్ గీత.

మంచు పడ్డ వారం గీత కిందికి దిగింది.
ఆమె గోడని తిట్టింది.
పైనెక్కడో ఒక పాత గీత, చెరిగీ చెరగనిది.
"అదెవరిది?"
"నాదే," అన్నాడు, ఎడమ భుజం తడుముకుంటూ.
"పదకొండు నెలలు పట్టింది."

ఏప్రిల్లో ఒక పొద్దున
పై అరలోంచి టీ డబ్బా తీసి,
నీళ్ళు మరిగించి, కప్పులో పోసుకుని,
సగం తాగాక
తోమియే తన కుడిచేతిని చూసుకుంది,
చెప్పకుండా తిరిగొచ్చిన చుట్టాన్ని చూసినట్టు.