వయోలా

జగదాంబ జంక్షన్‌లో ఆటో ఎక్కుతుంటే
"ఏటి బాబూ, ఫిడేలుకి నీరు పట్టిందేటి, ఇంత లావుంది?"
అన్నాడు డ్రైవరు.
దానిక్కూడా సీటు కావాలని
ముప్పై రూపాయలెక్కువ తీసుకున్నాడు.

నీరు పట్టిన మాట నిజమే.
ఈ ఉక్కకి, ఈ ఉప్పుగాలికి
బిరడాలు జారిపోతాయి,
నాలుగు తీగలూ నాలుగు మాటలంటాయి.
సెల్లో వాయించే ఏలీషా షిప్‌యార్డులో ఫిట్టరు.
పొద్దుట గ్రీజు, సాయంత్రం గుగ్గిలం,
రెండూ కలిసిన వాసన అతని వేళ్లది.

ఉత్సవం రెండో రోజు.
పాత పోస్టాఫీసు దగ్గర చర్చి హాలు, సగం కుర్చీలు.
మొదటి వయొలిన్ కబురు చెబుతుంది,
రెండోది ఔనంటుంది,
మధ్యలో నేను, కూరలో ఉప్పులా.
సరిపోతే ఎవరూ నా పేరెత్తరు.

నెమ్మదిగా సాగే భాగంలో కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఒక్కొక్కటే ఊపిరి వదిలాయి.
మొదటి విల్లు ఆగింది. రెండోదీ ఆగింది.
నా చేతికి మాత్రం ఎవరూ చెప్పలేదు,
ఆ ఒక్క స్వరం మీదే
పోతూ ఉంది.

అప్పుడు హార్బరు వైపు ఓడ కూసింది.
నా స్వరానికి కాస్త దిగువన,
కలవకుండా, వదలకుండా.

"ఆ కూత నేను బిగించిందే"
చీకట్లో ఏలీషా.
బిరడా కిర్రుమంది.
తీగని ఓడ దాకా దించి
విల్లు వేశాడు.
నేనూ వేలు వెనక్కి జరిపాను,
వెంట్రుకవాసి.

లైట్లొచ్చేసరికి
కాగితంలో లేని చోటెక్కడో ఉన్నాం.
చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక
ముందు వరసలో ఒకావిడ
విసనకర్ర ఆపింది.